ఎనిమిది తీగల బావ

మా బావ స్విచ్చు చేత్తో నొక్కడు. ఇది మొక్కు కాదు, జబ్బు కాదు, కరెంటంటే భయమూ కాదు. ఆ మాటకొస్తే ఆయన రోజంతా కరెంటుతోనే కాపురం చేస్తాడు. ఆఫీసుల్లో మూలపడ్డ ప్రింటర్లు బాగుచేయడం ఆయన వృత్తి. ముందుగదిలో లైటు వెలగాలంటే, స్విచ్చు చేతికందేంత దగ్గర్లో నిలబడి ఉండి కూడా, వెనక్కి తిరిగి, నడవా దాటి, వెనకగదిలోకి వెళ్లి, కుర్చీ లాక్కుని కూర్చుని, కంప్యూటర్లో ఏదో కొట్టి వెలిగిస్తాడు. గోటితో పోయేదానికి గొడ్డలి తెచ్చేవాళ్లను చాలామందిని చూశాను. ఆ గొడ్డలిని కూడా పక్కగదిలోంచి ఆడించే మనిషిని మా బావనొక్కణ్నే చూశాను.

నేను ఆయనకు ఒక్కగానొక్క మరదల్ని. కళ్లజోళ్ల షాపులో ఉద్యోగం దొరికి, ఇల్లు దొరికేదాకా అని చెప్పి అక్క వాళ్లింట్లో దిగాను. ఆ మాట చెప్పి పదకొండు నెలలైంది. ఇంత వినోదం ఉచితంగా దొరికే చోటు వదిలి వెళ్లడానికి నాకేమైనా పిచ్చా?

దిగిన రోజే నాకు మొదటి పాఠమైంది. సాయంత్రం చీకటి పడుతూండగా తలుపు తట్టాను. బావ తలుపు తీసి, "రా మరదలా, కూర్చో, లైటేస్తాను" అని మాయమైపోయాడు. నేను తడుముకుంటూ వెళ్లి కుర్చీ అనుకుని ఓ ప్రింటరు మీద కూర్చున్నాను. నాలుగు నిమిషాలు గడిచాయి. లోపల్నుంచి ఏదో మూలుగుతూ లేస్తున్న చప్పుడు. తరవాత ఎక్కడో టక్కుమంది, లైటు వెలిగింది.

"వెలిగిందా?" అని వెనకగదిలోంచి కేక.

"వెలిగింది బావా. కానీ స్విచ్చు ఇక్కడే, తలుపు పక్కనే ఉందిగా?"

"ఉంటుంది. అది పాత పద్ధతి" అన్నాడు.

కొత్త పద్ధతి వయసు నాకు మర్నాడు తెలిసింది. వెనకగదిలో ఓ ముసలి కంప్యూటరు ఉంది. ఏదో ఆఫీసువాళ్లు చెత్తలో పడేస్తే బావ ఎత్తుకొచ్చాడు. ఇంట్లో దాని పేరు తాతయ్య. దాని వీపున ఇరవై ఐదు కన్నాల వెడల్పాటి సాకెట్టు ఒకటి ఉంది. పూర్వం ప్రింటర్లు దానికే తగిలించేవాళ్లట, ఇప్పటి కంప్యూటర్లకు అది ఉండదట. బావ తాతయ్యలో లినక్స్ అనే తేలికపాటి సాఫ్ట్‌వేరు పెట్టాడు, ఇంకేది పెట్టినా తాతయ్యకు ఆయాసం వస్తోందని. ఆ సాకెట్టులోంచి ఎనిమిది తీగలు బయటికి లాగాడు. ఒక్కో తీగకూ తెలిసినవి రెండే మాటలు: లే, పడుకో. తీగ లేస్తే అగ్గిపెట్టెంత డబ్బా ఒకటి టక్కుమంటుంది, దానికి తగిలించిన వస్తువు తిరుగుతుందో వెలుగుతుందో మోగుతుందో చేస్తుంది.

మరి తీగను లేపడమెలా? అక్షరం పంపాలి. ప్రింటరుకు అక్షరం పంపినట్టే ఆ సాకెట్టుకు పంపితే, ఒక్కో అక్షరానికి ఒక్కో రకంగా తీగలు లేస్తాయి. ఇంగ్లీషు బడిలో మొదట నేర్పే పెద్ద ఎ పంపితే ఒకటో తీగా ఏడో తీగా లేస్తాయి, అంటే ముందుగదిలో లైటు వెలుగుతుంది, బాల్కనీలో మొక్కలకు నీళ్లు పడతాయి. ఏ అక్షరానికి ఏం జరుగుతుందో పట్టిక రాసి తాతయ్య నుదుటన అంటించాడు. ఆ పట్టిక సరిగా చూడక, లైటు వేయబోయి మొక్కల్ని ముంచిన రోజులు చాలా ఉన్నాయి. పైగా తాతయ్యను నెట్‌వర్కుకు కలిపి, ప్రింటరని పేరు పెట్టాడు కాబట్టి, వెనకగదికి కూడా వెళ్లక్కర్లేదు, ఏ కంప్యూటరు నుంచైనా ఫోను నుంచైనా అక్షరం పంపొచ్చు. ఒకసారి మెట్ల మీద నిలబడి ఫోనులోంచి ఫ్యాను వేసి, అది తిరుగుతోందో లేదో చూడ్డానికి ఇంట్లోకి పరిగెత్తుకొచ్చాడు.

తీగలు ఎనిమిదే కాబట్టి మా ఇంట్లో వాటికున్న గిరాకీ ఉద్యోగాలకు కూడా లేదు. ఒకటి లైటు, రెండు ఫ్యాను, మూడు మిక్సీ, నాలుగు రేడియో, ఐదు అక్క మంచం పక్క దీపం, ఆరు వంటింట్లో పొగ లాగే ఫ్యాను, ఏడు మొక్కల నీళ్ల పంపు. నా జుట్టు ఆరబెట్టుకునే మిషనుకు ఒక తీగ ఇమ్మని అడిగాను. బావ వారం రోజులు ఆలోచించి, ఖాళీ లేదు, ఎవరైనా విరమించుకుంటే చూస్తానన్నాడు. మొక్కలు విరమించుకుంటాయేమోనని నేను మూడు నెలలు ఎదురుచూశాను. అవి రోజురోజుకూ ఏపుగా పెరిగాయి.

ఎనిమిదో తీగ గురించి చెప్పాలంటే ముందు అక్క చెవులకు క్షమాపణ చెప్పాలి. అది గంట. బడిలో ఆఖరు పీరియడుకు కొట్టే గంటంత గంట, వంటింట్లో గట్టు పైన గోడకు ఎత్తుగా బిగించాడు. బావకు వెనకగదిలో టీ కావాలనిపిస్తే అది మోగుతుంది. వెనకగదికీ వంటింటికీ మధ్య ఉన్నది ఒక్క గోడ. మామూలు మనిషయితే "ఏమోయ్, టీ" అంటాడు. అక్క నెత్తీ నోరూ కొట్టుకుని, నోరుందిగా మీకు అంటే, గుక్కెడు టీకి నిన్ను అంత గట్టిగా అరిచి పిలవడం మర్యాదగా ఉండదని బావ జవాబు.

ఇదంతా భరించొచ్చు. భరించలేనిది ఇంటికి పట్టే పూనకం. వారానికి రెండు మూడు సార్లు, ఏ కారణమూ లేకుండా, లైటు టపటపలాడేది, ఫ్యాను వెక్కిళ్లు పెట్టేది, మిక్సీ గుర్రుమని ఆగేది, రేడియో ఒక మాటలో సగం చెప్పి నోరు మూసుకునేది. రెండు మూడు నిమిషాలకు అన్నీ సద్దుమణిగేవి. ఏమైంది బావా అంటే, పరీక్ష చేస్తున్నాననేవాడు. స్నానం చేస్తూ ఉన్నప్పుడూ పరీక్షలేనా అంటే, తువ్వాలు చుట్టుకుని నిమ్మకు నీరెత్తినట్టు వెనకగదిలోకి వెళ్లిపోయేవాడు.

మాది కింది అంతస్తు. మా నెత్తిమీద ఇంట్లో బిల్డింగు సెక్రటరీగారు ఉంటారు. ముప్ఫై ఏళ్లు ఎక్కడో రికార్డుల గదిలో పనిచేసి రిటైరయ్యారు. ఆయన నవ్వడం ఎవరూ చూడలేదు, కానీ పన్నెండు ఇళ్లకూ కలిపి ఒకే ఇంటర్నెట్ లైను తెప్పించి అందరికీ ఖర్చు తగ్గించిన ఘనత ఆయనదే. గంట చప్పుడుకూ, డబ్బాల టకటకలకూ ఆయన అప్పటికి రెండుసార్లు మా గుమ్మంలోకి వచ్చారు. రెండోసారి అక్కతో చాలా నెమ్మదిగా ఒక మాట అన్నారు.

"చూడమ్మా, రెండుసార్లు నేను నోటితో చెబుతాను. మూడోసారి మీ ఓనరుకు కాగితంతో చెబుతాను."

ఆ కాగితమంటే ఏమిటో అందరికీ తెలుసు. పై అంతస్తులో ఇదివరకు గిటారు నేర్చుకునే దంపతులు ఉండేవాళ్లు. వాళ్ల మీద కాగితం వెళ్లిన పదో రోజున లారీ వచ్చి నిలబడింది. అక్క ఆ రోజు నుంచి సరిగా నిద్రపోలేదు. ఈ ఇల్లు అక్కా బావా తొమ్మిది నెలలు తిరిగితే దొరికింది. నలభై పెట్టెల తీగలూ పదిహేను చచ్చిన ప్రింటర్లూ వెంటేసుకుని వచ్చే మనిషికి ఎవరిస్తారు ఇల్లు? పైగా అక్క పనిచేసే రక్తపరీక్షల ల్యాబు రోడ్డు దాటితే చాలు, మధ్యాహ్నం ఇంటికొచ్చి ఓ అరగంట నడుం వాలుస్తుంది. ఆ అరగంట కోసం అక్క దేన్నయినా వదులుకుంటుంది, గంటను ముందు వదులుకుంటుంది.

"ఆదివారం లోపల ఆ గంట తీసేయండి. ఇల్లు పోతే మీ ఎనిమిది తీగలూ ఎక్కడ కట్టుకుంటారు, నా మెడకా?" అని అడిగింది.

బావ తీసేస్తానన్నాడు. శనివారం మధ్యాహ్నానికి ఇంకా తీయలేదు.

ఆ శనివారం మధ్యాహ్నం బావా నేనూ ముందుగదిలో కూర్చున్నాం. ఆయన ఒక ప్రింటరు పొట్ట విప్పి స్క్రూలు తీసి ఇస్తుంటే నేను మూతలో పోస్తున్నాను. అక్క వంటింట్లో మిక్సీ గిన్నెలో టమాటాలు వేసి, మూత కోసం వెతుకుతోంది. అప్పుడు గంట మోగింది.

"టీ ఇప్పుడేగా తాగారు" అంది అక్క లోపల్నుంచి.

గంట ఆగలేదు. నేను బావ వైపు చూశాను. బావ నా ఎదురుగా ఉన్నాడు, రెండు చేతులూ ప్రింటరు లోపల ఉన్నాయి. ఇంతలో వంటింట్లో మూతలేని మిక్సీ లేచింది. తరవాత అక్క అరిచిన అరుపు సెక్రటరీగారికే కాదు, ఆ పై అంతస్తుకు కూడా వినపడి ఉంటుంది. మేం పరిగెత్తేసరికి అక్క నుదుటి నుంచి మోచేతుల దాకా టమాటా. లైటు ఆరుతోంది, వెలుగుతోంది. ఫ్యానూ రేడియో వంతులు వేసుకుంటున్నాయి. పొగ ఫ్యాను హోరు. బాల్కనీలో పంపు చిచ్చు, చిచ్చు, చిచ్చుమని విడవకుండా చిమ్ముతోంది. ఎప్పుడూ వచ్చే పూనకం దీని ముందు తుమ్ము కింద లెక్క. ఇల్లు పీకి పందిరేయడమంటే ఏమిటో నాకు ఆ రోజు అర్థమైంది. ఈ మోతలో గంట మాత్రం ఒక పద్ధతిగా మోగుతోంది: కాసేపు ఆపకుండా, ఓ చిటికె విరామం, మళ్లీ కాసేపు.

బావ తల ఒక పక్కకు వంచి విన్నాడు. "ఇది మన భాష" అన్నాడు.

నేను ఆయనకు మతిపోయిందనుకున్నాను. ఆయన మాత్రం కొత్త పాట విన్నవాడిలా మొహం వెలిగించుకుని, గంట మోతను మించి గొంతు పెంచి నాకు పాఠం చెప్పడం మొదలెట్టాడు. ఇంగ్లీషు అక్షరాలు ఎనిమిదో తీగ జోలికి పోవట. మన అక్షరం ఒక్కోటి మూడు ముక్కలుగా వెళుతుందట, ఆ మూడింట్లోనూ ఎనిమిదో తీగ లేచే ఉంటుందట. అందుకని మాట ఉన్నంతసేపూ గంట, మాటకూ మాటకూ మధ్య ఖాళీలో విరామం. ఎవరో మన భాషలో ఏదో రాసి, ప్రింటరనుకుని తాతయ్యకు పంపారు.

"ఎంత పొడుగు మాటలో చూడు" అన్నాడు ఓ పెద్ద మోత విని. "ఆఫీసు ఉత్తరంలా ఉంది."

"ప్లగ్గు పీకండి" అంది అక్క.

బావ చటుక్కున వెనకగది గుమ్మానికి అడ్డంగా చేతులు చాపి నిలబడ్డాడు. నా జన్మలో ఆయన అక్కకు ఎదురు నిలబడగా చూడ్డం అదే మొదలు.

"వద్దే. తాతయ్య వచ్చింది వచ్చినట్టు రాసుకుంటున్నాడు. మధ్యలో పీకితే మిగతా కాగితం పోతుంది. ఎవరిదో ఏమో, పాపం."

"ఏ కాగితం?" అంది అక్క.

బావ నోరు జారానని అప్పుడు తెలుసుకున్నాడు. కానీ పారిపోవడానికి వీల్లేదు, గుమ్మం వదిలితే అక్క ప్లగ్గు పీకేస్తుంది. కుడితిలో పడ్డ ఎలుకలా అక్కడే నిలబడి, ఇంకా పదకొండు నిమిషాలు మోగిన ఆ గంట కింద, ముక్కలు ముక్కలుగా అంతా ఒప్పుకున్నాడు.

బిల్డింగులో నెట్‌వర్కు ఒకటే కాబట్టి తాతయ్య పన్నెండు ఇళ్ల కంప్యూటర్లలోనూ ప్రింటరని కనపడుతున్నాడు. మొదట మూడో అంతస్తు అమ్మాయి ఉద్యోగం దరఖాస్తు వచ్చింది. అది ఇంగ్లీషులో ఉండడం వల్ల గంట దాకా రాలేదు, లైటూ ఫ్యానూ పంపూ ఆడాయి. బావ దాన్ని చదివితే ఆఖరు తేదీ మర్నాడే. పాపం అని తన సొంత ప్రింటరులో అచ్చేసి, పొద్దున పాలకు వెళుతూ కింద వరసగా ఉన్న ఉత్తరాల డబ్బాల్లో ఆ అమ్మాయి డబ్బాలో వేశాడు. ఆ తరవాత పిల్లల బడి వ్యాసాలొచ్చాయి, రెండో అంతస్తు దర్జీ కొలతల పట్టికలొచ్చాయి, ఒక పెద్దావిడ మందుల చీటీలొచ్చాయి. అన్నీ అచ్చేశాడు, అన్నీ డబ్బాల్లో వేశాడు. ఇంటికి పట్టిన పూనకాలన్నీ అవే. అందరూ ఇంటర్నెట్ లైనుతోపాటు బిల్డింగుకు ప్రింటరు కూడా వచ్చిందనీ, వాచ్‌మన్ తెచ్చి వేస్తున్నాడనీ అనుకుంటున్నారు.

తాళం వేయొచ్చుగా బావా, మన ఇంటివాళ్లు తప్ప ఎవరూ పంపకుండా, అని అడిగాను.

"వేయడం రెండు నిమిషాల పని. వేస్తే వాళ్ల కాగితాలు ఎవరు తీస్తారు? అచ్చేసే షాపు బస్సెక్కి వెళ్లాలి."

"పోనీ, నేనే తీస్తున్నానని చెప్పొచ్చుగా?"

ఆ ప్రశ్నకు బావకు చెమటలు పట్టాయి. "చెబితే ఇంటికొచ్చి థాంక్స్ అంటారు. అప్పుడు నేను ఎదురుగా నిలబడి ఏం చెయ్యాలి?" అన్నాడు.

అక్క నుదుటి మీద టమాటా తుడుచుకుంటూ ఆగిపోయింది. పెళ్లికి ముందు ఈయన అక్కకు ఇచ్చిన మొదటి బహుమతి కొరియరులో వచ్చింది. అప్పుడు ఇద్దరి ఇళ్లూ ఒకే వీధిలో ఉండేవి. ఆ సంగతి మేం ఏళ్ల తరబడి చెప్పుకుని నవ్వుకున్నాం గానీ, ఈ మనిషి మంచి పని చేయాలన్నా పక్కగదిలోంచే చేయగలడని మాకు తట్టలేదు. దగ్గరికెళ్లి చేస్తే కృతజ్ఞతలు చెబుతారు, అది ఆయన తట్టుకోలేడు. నాకు ఆ క్షణంలో మా బావ మీద ఎంత ప్రేమ పుట్టిందో చెప్పలేను. టమాటా అంటుతుందని దగ్గరికి వెళ్లలేదు గానీ.

గంట ఆగింది. రెండు పేజీలని తాతయ్య చెప్పాడు. బావ తన ప్రింటరు వేశాడు, అది కరకరా నమిలి మొదటి పేజీ బయటికి తోసింది. నేను తీసి పైకి చదివాను.

"విషయం: కింది అంతస్తు అద్దెదారులను తక్షణమే ఖాళీ చేయించవలసిన ఆవశ్యకత గురించి."

మూడోసారి కాగితం. సెక్రటరీగారు మా ఓనరుకు రాసింది. అక్క పక్కనే ఉన్న స్టూలు మీద కూలబడింది. ఏడవదు మా అక్క, రోజంతా జనం రక్తం తీసే మనిషి, కానీ ఆ రోజు కళ్లలో నీళ్లు తిరిగాయి. తొమ్మిది నెలలు, ఎన్ని మెట్లెక్కి దిగామో, ఇక నా వల్ల కాదు అంది. తరవాత లేచి చెయ్యి చాపింది, చించేద్దాం ఇవ్వమని. ఇది మన ఇంటికి వచ్చింది, మన ప్రింటరులోంచి వచ్చింది, చించితే అడిగేవాడు లేడని నేనూ వంత పాడాను.

బావ రెండో పేజీ వెలుతురుకు పట్టి చూస్తున్నాడు. "ఇది మసకగా పడింది" అని గొణిగి, సొరుగులోంచి కొత్త సిరా రిబ్బను తీశాడు.

"మన ఇల్లు మనమే ఖాళీ చేయించుకుంటూ, దానికి కొత్త రిబ్బను కూడానా?" అంది అక్క.

"మసకగా ఉంటే ఓనరుగారికి కళ్లు లాగుతాయి కదే. ఇది ఆయన రాసుకున్న ఉత్తరం. మూడో అంతస్తు అమ్మాయిది ఇచ్చి ఈయనది ఇవ్వకపోతే ఎలా? మన మీద రాశారని ఆపితే, మిగతావన్నీ మనకు నచ్చి ఇచ్చినట్టవుతుంది."

అక్క చాపిన చెయ్యి వెనక్కి తీసుకుంది. బావ రిబ్బను మార్చి, రెండో పేజీ మళ్లీ తీసి, రెంటికీ పిన్ను కొట్టి, ఆదివారం పొద్దున పాలకు వెళుతూ సెక్రటరీగారి డబ్బాలో వేసి వచ్చాడు. వచ్చి, ఇక ఉండి ప్రయోజనం లేదనో ఏమో, గంట ఊడదీయడానికి స్టూలెక్కాడు.

పది గంటలకు తలుపు చప్పుడైంది. కిటికీలోంచి చూస్తే సెక్రటరీగారు, చేతిలో ఆ కాగితం. బావ స్టూలు మీదినుంచి దూకి వెనకగదిలోకి వెళ్లి తలుపేసుకున్నాడు. అక్క తలుపు తీసింది, నేను అక్క వెనకాల నిలబడ్డాను.

సెక్రటరీగారు లోపలికి రాలేదు. వాచ్‌మన్ దగ్గరికెళ్లి రెండో కాపీ తీసిమ్మన్నారట, ప్రింటరంటే ఏమిటి సార్ అన్నాడట వాచ్‌మన్, రోజూ పొద్దున డబ్బాల్లో కాగితాలు వేసేది కింది అంతస్తు ఆయన కదా అన్నాడట. ఇదంతా ఆయన ఫైలు చదివినట్టు చెప్పి, కాగితం పైకెత్తారు.

"ఇది అచ్చేసింది మీ ఆయనేనా అమ్మా?"

"అవునండి" అంది అక్క.

"చదివే అచ్చేశారా?"

"చదివారండి. రెండో పేజీ మసకగా ఉందని రెండుసార్లు తీశారు."

సెక్రటరీగారు రెండో పేజీ తిప్పి చూశారు. చాలాసేపు చూశారు. తరవాత గొంతు సవరించుకుని, నిన్న మధ్యాహ్నం ఆ మోతంతా దేనికని అడిగారు. ఆ మోత కూడా రాయాల్సింది, ఉత్తరం అప్పటికే పంపేశాను గనక కుదరలేదన్నారు.

"ఆ మోత మీ ఉత్తరమేనండి" అన్నాను నేను. ఉండబట్టలేక మొత్తం చెప్పేశాను: గంట, పంపు, టమాటాలు, అక్క ప్లగ్గు పీకబోతే ఆయన ఉత్తరం తెగిపోతుందని బావ అడ్డం నిలబడడం, దరఖాస్తు, మందుల చీటీలు, అన్నీ. మందుల చీటీలు అన్నప్పుడు ఆయన మొహంలో ఏదో కదిలింది.

"మందుల చీటీలు రాసి పంపేది మా అమ్మ" అన్నారు.

మీ ఆయన్ని ఒకసారి పిలవమన్నారు. అక్క పిలిచింది, నేనూ పిలిచాను. వెనకగది తలుపు అవతల మనిషి ఊపిరి కూడా బిగబట్టాడు. సెక్రటరీగారు ఆ తలుపు వైపు చూశారు, మా వైపు చూశారు, కాగితం నాలుగు మడతలు పెట్టి జేబులో పెట్టుకుని, మెట్లెక్కి వెళ్లిపోయారు.

మెట్ల మీద అడుగుల చప్పుడు ఆగాక బావ తలుపు తీసుకుని బయటికి వచ్చాడు. అక్క అటక మీది అట్టపెట్టెల వైపు రెండుసార్లు చూసింది. నేను గిన్నెలు కడిగాను, అడక్కుండా కడగడం అదే మొదటిసారి. అప్పుడు లైటు టపటపలాడింది. ఫ్యాను కదిలింది. సగం ఊడదీసిన గంట ఒక్క స్క్రూకు వేలాడుతూ గోడ మీద డాన్సు మొదలెట్టింది. పొడుగు పొడుగు మాటలు. ముగ్గురం వెనకగదిలోకి తోసుకుంటూ వెళ్లాం. రెండు నిమిషాల్లో ఆగింది. బావ ప్రింటరు ఒకే ఒక్క పేజీ తోసింది. బావ తీసుకుని, చదివి, అక్కకిచ్చాడు. అక్క పైకి చదివింది.

"అయ్యా, నిన్నటి నా ఉత్తరము అచ్చు వేయుటలో తమరు ఎడమ పక్క మార్జిను వదలలేదు. కన్నములు వేయుటకు చోటు లేనందున సదరు ఉత్తరమును ఫైలు చేయుటకు వీలుపడలేదు. ఫైలు చేయని ఏ ఉత్తరమును బయటికి పంపు అలవాటు నాకు లేదు. కావున ఓనరుగారికి పంపబడలేదు. ఇకముందు అచ్చు వేయు సమస్త కాగితములకూ ఎడమ పక్క ఒక అంగుళము వదలగలరని కోరడమైనది. మా అమ్మగారు తమను అడిగినట్టు చెప్పమన్నారు."

అక్క 'ఇకముందు' అన్న మాట దగ్గర ఆగి, దాన్ని మళ్లీ చదివింది. తరవాత నవ్వింది. అలా నవ్వుతూనే, గుమ్మంలోంచి వంటింటి గోడ మీద ఇంకా ఎండిపోయి ఉన్న టమాటాను చూపించి మళ్లీ నవ్వింది. నేనూ అక్కా ఒకరి మీద ఒకరు పడి నవ్వుతున్నాం. ఇల్లు నిలిచింది. సెక్రటరీగారి మీద కూడా నాకు ప్రేమ పుట్టుకొచ్చింది, ఒక్క రోజులో ఇంత ప్రేమ నా ఒంటికి పడదు.

ఈ హడావుడిలో బావను ఎవరం పట్టించుకోలేదు. చూస్తే ఆయన తాతయ్య ముందు కూర్చుని, స్కేలు పెట్టి తెర మీద ఏదో కొలుస్తున్నాడు. మొహంలో తప్పు చేసినవాడి బాధ.

"ఏం చేస్తున్నారు?" అంది అక్క.

"పాపం, నా వల్ల ఆయన ఉత్తరం ఆగిపోయిందట. తాతయ్య దగ్గర ఇంకా ఉందిలే. అంగుళం వదిలి మళ్లీ అచ్చేసి డబ్బాలో వేసొస్తాను, రేపటి పోస్టుకు అందుతుంది" అన్నాడు.

అక్క ప్రింటరులో కాగితాల కట్టా, సొరుగులో కట్టా, మంచం కింద ఉన్న కట్టా మూడూ చంకన పెట్టుకుని వంటింట్లోకి వెళ్లి లోపల గడియ వేసుకుంది. బావ వెళ్లి ఆ తలుపు తట్టాడు. అరగంట నుంచి తడుతూనే ఉన్నాడు, చేత్తోనే.